కారు తాతగారిదే... టైరు మాత్రం కొత్తదే!

ఇనుముకు అనంతపురం పొడిగాలి మేలు చేస్తుంది. రబ్బరుకు అదే ఎండ శత్రువు. అందుకే ఈ గడ్డమీద పాతకారు బాడీ ఏళ్ల తరబడి గట్టిగా నిలుస్తుంది... దాని కాళ్లు మాత్రం పైకి కనిపించకుండానే ఎండిపోతాయి. షెడ్డులోని పాతకారును మళ్లీ రోడ్డెక్కించాలనుకునే కుటుంబాలు ముందుగా తెలుసుకోవాల్సింది టైర్ల సంగతే!

అనంతపురం, తాడిపత్రి, గుంతకల్లు, రాయదుర్గం... ఏ ఊరెళ్లినా పాత ఇళ్ల పక్కన రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకున్న అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో, పాత జీపో అక్కడక్కడా కనిపిస్తుంది. వేరుశనగ బాగా పండిన ఏడు తాతగారు ముచ్చటపడి కొన్నది. ఊళ్లో ఎవరి పెళ్లయినా పెళ్లికొడుకును మోసింది. పురిటి నొప్పులొస్తే అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తింది. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిపోయాక షెడ్డుకే పరిమితమైంది.

ఇప్పుడు మనవళ్లకు దానిమీద మనసు పుట్టింది. కొత్త బ్యాటరీ వేశారు. కార్బొరేటర్ శుభ్రం చేయించారు. రంగు వేయించారు. తాళం తిప్పితే ఇంజిన్ పలికింది. టైర్లు చూస్తే బటన్లు నిండుగా ఉన్నాయి. గాలి పట్టిస్తే నిలబడింది. ఇంకేం... నాలుగు వరసల రోడ్డెక్కి బెంగళూరు దాకా ఓ చుట్టు చుట్టి వద్దామా!

ఆగాల్సింది అక్కడే. ఆ కారులో ముందుగా అనుమానించాల్సింది ఇంజిన్‌ను కాదు. నిండుగా కనిపిస్తున్న ఆ నాలుగు టైర్లను!

ఇనుముకు మేలు... రబ్బరుకు కీడు

అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటు. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెబుతుంటారు. రైతుకు కన్నీళ్లు తెప్పించే ఈ కరవు నేల, పాతకారు బాడీకి మాత్రం మంచి కాపలాదారు. కోస్తాలో ఉప్పుగాలి కారు అడుగు రేకును కొన్నేళ్లలోనే తినేస్తుంది. ఇక్కడి పొడిగాలిలో తుప్పు అంత తొందరగా పట్టదు. అమెరికాలోనూ అంతే. ఎడారి రాష్ట్రం అరిజోనా నుంచి వచ్చిన పాతకారంటే కొనేవాళ్లు ఓ మాట ఎక్కువకే ముందుకొస్తారు.

కానీ రబ్బరు లెక్క వేరు. వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ వాయువు... ఈ మూడూ కలిసి రబ్బరును మెల్లగా గట్టిపరుస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ ముసలితనం వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో ఓ మోటు లెక్క. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డు లోపల అంతకన్నా ఎక్కువ. ఎండకు కాగిన తారురోడ్డు 60 డిగ్రీలు కూడా దాటవచ్చు.

ఇందులో ఓ చిత్రం కూడా ఉంది. టైరు రబ్బరులో ఓజోన్‌ను తట్టుకునే రసాయనాలు, మైనం తయారీలోనే కలుపుతారు. కారు నడుస్తున్నప్పుడు టైరు వంగుతూ లేస్తూ ఉంటే అవి లోపలి నుంచి పైకి ఊరుతూ ఓ పొరలా కాపాడతాయి. కదలని టైరుకు ఆ రక్ష తగ్గిపోతుంది. అందుకే రోజూ తిరిగే టైరు అరిగి పోతే, షెడ్డులో ఉన్న టైరు అరగకుండానే పోతుంది. పక్కగోడల మీద సన్నటి గీతల్లా కనిపించే పగుళ్లు దాని తొలి గుర్తు. లోపల పొరల మధ్య పట్టు సడలడం మాత్రం కంటికి కనిపించదు. వేగం పెరిగి, టైరు వేడెక్కాక ఆ పొర ఒక్కసారిగా ఊడి వస్తుంది.

వేడికీ ఈ ప్రమాదానికీ ఉన్న సంబంధాన్ని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2007లో ఓ నివేదికలో బయటపెట్టింది. ఓ బీమా కంపెనీ ఖాతాదారుల్లో 27 శాతం మంది టెక్సాస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల వాళ్లు. టైర్లు చెడిపోయి పరిహారం కోరినవాటిలో మాత్రం 77 శాతం ఆ రాష్ట్రాలవే. అందులోనూ 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లు! అరిజోనా ఎండకూ అనంతపురం ఎండకూ తేడా ఎంతని? షెడ్డులో పాతికేళ్లున్న టైరు సంగతి ఇక చెప్పాలా!

వయసు చెప్పే నాలుగంకెలు

టైరు పుట్టిన తేదీ దాని ఒంటి మీదే ఉంటుంది. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు అచ్చువేస్తారు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3224 అని ఉంటే అది 2024లో 32వ వారంలో, అంటే ఆగస్టులో తయారైనట్టు. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది. దాన్ని మరో ఆలోచన లేకుండా తీసేయాల్సిందే.

ఆరేళ్లు దాటితే మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. ఎంత బాగా కనిపించినా పదేళ్లు దాటిన టైరును వాడొద్దని టైర్ల కంపెనీలు అంటాయి. బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైరు వేయడం చట్టరీత్యా నేరం. ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాల హీరో పాల్ వాకర్ 2013లో కారు ప్రమాదంలో మరణించినప్పుడు అతివేగమే అసలు కారణమని దర్యాప్తు తేల్చింది. అయితే ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివన్న సంగతీ అందులో బయటపడింది.

కొత్త టైరు కొనేటప్పుడూ ఈ నాలుగంకెలు చూడాల్సిందే. పాతకార్ల సైజులకు గిరాకీ తక్కువ. దుకాణంలో అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు ‘వాడనిదే కదా’ అని చేతిలో పెట్టవచ్చు. వాడనిది వేరు, కొత్తది వేరు. రీబటన్ టైర్లదీ ఇదే కథ. పైన బటన్ కొత్తదే, లోపలి ఒళ్లు మాత్రం పాతదే. కుటుంబం ఎక్కే కారుకు, అందులోనూ ముందు చక్రాలకు, అది తగదు.

నైలానా... రేడియలా?

అంబాసిడర్, పద్మిని పుట్టిన రోజుల్లో మన రోడ్ల మీద అంతా క్రాస్‌ప్లై టైర్లే. మెకానిక్కులు వాటిని నైలాన్ టైర్లంటారు. లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. ఒళ్లు మందం, పక్కగోడ గట్టి. రాళ్ల బాటనూ గతుకులనూ బాగా ఓర్చుకుంటాయి. కానీ వేగం పెరిగితే త్వరగా వేడెక్కుతాయి. రోడ్డు మీద పట్టు కూడా తక్కువ.

రేడియల్ టైరులో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా నేరుగా సాగుతాయి. బటన్ కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. 1946లో ఫ్రాన్స్‌లోని మిషెలిన్ కంపెనీ దీనికి పేటెంట్ తీసుకుంది. మన దేశంలో 1970ల చివర్లో మొదలై, తర్వాత కార్లన్నింటికీ ఇదే అయింది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో బయటికి రావడం మొదలుపెట్టిన కార్లన్నీ రేడియల్ టైర్లతో దొర్లుతున్నవే.

మరి తాతగారి కారుకు ఏది? జవాబు కారులో లేదు... అది వెళ్లబోయే దారిలో ఉంది. ఊళ్లో ఊరేగింపులు, పొలం దాకా పయనాలు, గంటకు 40, 50 కిలోమీటర్లు మించని తిరుగుడు అయితే కొత్తగా తయారైన నైలాన్ టైరే చాలు. కారు రూపానికీ అదే అందం. హైదరాబాద్-బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలనుకుంటే మాత్రం రేడియలే మేలు. ఒకప్పుడు ఆ రోడ్డు రెండు వరసలది. కారు 60లో వెళ్తే గొప్ప. ఇప్పుడక్కడ వెనక నుంచి వచ్చే లారీ కూడా 80లో ఉంటుంది!

ఒక షరతుంది. రెండు రకాలనూ కలపకూడదు. ముఖ్యంగా ఒకే ఇరుసుకు ఒకపక్క నైలాన్, మరోపక్క రేడియల్ వేస్తే బ్రేకు కొట్టినప్పుడు కారు ఒకవైపు లాగేస్తుంది. మారిస్తే నాలుగూ మార్చాలి. పవర్ స్టీరింగ్ లేని పాతకారుకు రేడియల్ వేస్తే, నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ కాస్త బరువుగా తిరుగుతుంది. కంగారు పడనక్కర్లేదు. పరుగందుకుంటే సర్దుకుంటుంది.

కొలత కుదిరితేనే జోడు

అంబాసిడర్ టైరు సైజు 5.90-15. పద్మినిది 5.20-14. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం... రెండూ అంగుళాల్లోనే. రేడియల్ టైర్లలో మాత్రం వెడల్పును మిల్లీమీటర్లలో రాస్తారు. 165/80 ఆర్ 14 అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు.

చాలామంది పొరబడేది ఈ మధ్య అంకె దగ్గరే. పద్మిని టైరు మొత్తం ఎత్తు సుమారు 610 మిల్లీమీటర్లు. రిమ్ము 14 అంగుళాలే కదా అని ఈ కాలపు కారుకు వేసే 165/65 ఆర్ 14 బిగిస్తే ఎత్తు 570కి పడిపోతుంది. కారు రెండు సెంటీమీటర్లు నేలకు దిగుతుంది. గతుకుల్లో అడుగు తగులుతుంది. స్పీడోమీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ వేగం చూపిస్తుంది. అదే 155/80 ఆర్ 14 అయితే ఎత్తు 604. దాదాపు అసలు ఎత్తే! పాత టైరు ఎత్తుకూ కొత్తదాని ఎత్తుకూ తేడా రెండు, మూడు శాతం దాటకుండా చూసుకోవాలన్నది సూత్రం. అంబాసిడర్ 5.90-15కు బదులు 165 ఆర్ 15ను జోడుగా చెబుతారు. అదే 5.90-15 సైజుతో విదేశాల్లో తిరిగిన వోల్వో అమెజాన్ లాంటి కార్లకు వేసేదీ ఇదే.

సీమలో మరో ఆశ కూడా ఉంది. బొలేరో టైరు! అదీ 15 అంగుళాలే, వీధి చివరి దుకాణంలోనే దొరుకుతుంది. కానీ 215/75 ఆర్ 15 టైరు ఎత్తు 700 మిల్లీమీటర్లు దాటుతుంది. దానికి కనీసం ఐదున్నర అంగుళాల వెడల్పున్న రిమ్ము కావాలి. పాత అంబాసిడర్ రిమ్ము అంత వెడల్పు ఉండదు. బిగించినా మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

పక్కగోడ మీద సైజు తర్వాత ఓ అంకె, ఓ అక్షరం ఉంటాయి. అంకె ఆ టైరు మోయగల బరువుకు గుర్తు. 75 అంటే 387 కిలోలు, 82 అంటే 475, 84 అంటే 500. అంబాసిడర్ ఒట్టి బరువే 1100 కిలోల పైచిలుకు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను చేరితే 1500 దాటుతుంది. వెనక చక్రాల మీదే ఎక్కువ భారం. అందుకని ఒక్కో టైరు 500 కిలోలైనా మోసేలా చూసుకోవడం మంచిది. ఇక అక్షరం వేగానికి గుర్తు. ‘ఎస్’ అంటే గంటకు 180 కిలోమీటర్లు, ‘టి’ అంటే 190. పాతకారుకు ఈ రెండూ ధారాళంగా సరిపోతాయి.

ట్రాక్టరు టైరు జీపుకు వద్దు!

పాత జీపులది 6.00-16 సైజు. ట్రాక్టరు ముందు టైర్లలోనూ ఇదే సైజు ఉంది. ధర తక్కువ, ఊళ్లోనే దొరుకుతుంది, రిమ్ముకు చక్కగా కూర్చుంటుంది. కానీ ట్రాక్టరు టైరును గంటకు 30, 40 కిలోమీటర్ల వేగానికే తయారు చేస్తారు. దాని మీది నిలువు గాళ్లు దుక్కిలో దారి తప్పకుండా నడవడానికి... తారురోడ్డు మీద బ్రేకు వేసి నిలబడటానికి కాదు. జీపు 60 అందుకుందంటే ఆ టైరు తన శక్తికి మించి పరుగెడుతున్నట్టే.

ఎద్దుల బండి టైరుదీ ఇదే సంగతి. 1920లు, 30ల నాటి కొన్ని కార్ల రిమ్ములు 19 అంగుళాలవి. 1930-31 ఫోర్డ్ మోడల్-ఏ టైరు 4.75-19. మన టైరు బండ్లకు వేసే వాటిలోనూ 19 అంగుళాల సైజులున్నాయి. చూడటానికి సన్నగా, పొడుగ్గా, అచ్చం పాతకాలం దానిలా ఉంటాయి. ప్రదర్శనలో నిలబెట్టే కారుకైతే పరవాలేదు. ఎద్దు నడకకు తయారైన టైరు మీద మనుషుల్ని కూర్చోబెట్టి రోడ్డెక్కితే మాత్రం ప్రాణాలతో చెలగాటమే!

అసలైన వింటేజ్ అయితే...

బ్రిటన్ పాతకార్ల క్లబ్బుల లెక్కలో వింటేజ్ అంటే 1930 చివరిలోపు తయారైనది. మన ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న టూ వీలర్లు, ఫోర్ వీలర్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు రూ.20,000, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు రూ.5,000 రుసుముగా నిర్ణయించారు. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. టైర్లు మార్చినంత మాత్రాన అసలుతనం పోతుందన్న బెంగ అనవసరం. అయితే ఇలా నమోదైన కారును రోజువారీ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం కోసం మాత్రమే రోడ్డెక్కాలి.

1920ల మధ్యకు ముందున్న చాలా కార్లకు అంచు పూసలాంటి టైర్లుండేవి. వాటిని రిమ్ములో పట్టి ఉంచేది గాలి ఒత్తిడే. గాలి తగ్గితే మలుపులో టైరు ఊడిపోయేది! అలాంటి సైజుల్ని అమెరికాలో 1958లో మొదలైన కోకర్ టైర్ లాంటి కంపెనీలు పాత అచ్చుల తీరులోనే ఇప్పటికీ తయారు చేస్తున్నాయి. తెప్పించుకోవడమే కష్టం. మన దేశంలో అమ్మే టైర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతికి లైసెన్స్ షరతు కూడా పెట్టారు. అందుకని డబ్బు కట్టే ముందే నిబంధనలు విచారించుకోవాలి.

ట్యూబు, రిమ్ము, స్టెప్నీ

కొత్త రేడియల్ మీద ట్యూబ్‌లెస్ అని రాసి ఉన్నా పాతకారుకు ట్యూబు వేయాల్సిందే. పాత రిమ్ముల్లో టైరు అంచును పట్టి ఉంచే మిట్ట ఉండదు. అతుకుల దగ్గర గాలి కూడా కారవచ్చు. ట్యూబు కొత్తదై ఉండాలి, రేడియల్‌కు పనికొచ్చేదై ఉండాలి, సైజు సరిపోవాలి. ఊచల చక్రమైతే ఊచల మొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా లోపల రబ్బరు పట్టీ వేయించాలి. కంపచెట్ల ముళ్లున్న బాటల్లో తిరిగి వచ్చాక టైరును చేత్తో తడిమి చూడటం మంచి అలవాటు. టైరు విప్పినప్పుడే రిమ్ము తుప్పు గీకించి, బోల్టు రంధ్రాల చుట్టూ చీలికలున్నాయేమో చూడాలి.

ఐదో టైరునూ మరిచిపోకూడదు. స్టెప్నీ అన్న మాట ఎక్కడిదో తెలుసా? వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి ఉంది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు కారుకు అదనపు చక్రాన్ని తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు వాళ్ల దేశంలో జనం మరిచిపోయినా మన పంచరు షాపుల్లో మాత్రం స్థిరపడిపోయింది. డిక్కీలో పడి ఉన్న స్టెప్నీ కారుతో పాటు వచ్చిందే అయితే అది కూడా ముసలిదే. అవసరానికి చేయివ్వకముందే మార్చేయాలి.

గాలి తగ్గిస్తే వేడి తగ్గదు

‘ఎండాకాలం టైరు పేలిపోతుంది, గాలి కాస్త తగ్గించు’... పంచరు షాపుల దగ్గర తరచూ వినిపించే మాటిది. నిజానికి జరిగేది తిరకాసు. గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగుతుంది. వంగేకొద్దీ వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ పేలే ప్రమాదం పెరుగుతుంది. ఉదయం పూట, కారు కదలకముందే గాలి చూసుకుని, చెప్పిన మేరకు పట్టించాలి. దారిలో వేడెక్కి ఒత్తిడి పెరిగినా గాలి తీయకూడదు.

షెడ్డులో నెలల తరబడి ఉంచాల్సి వస్తే కారును దిమ్మెల మీద నిలబెట్టి చక్రాలు నేలకు తగలకుండా చూడాలి. లేదంటే బరువుకు టైరు ఒకచోట చదునైపోతుంది. షెడ్డులో డీజిల్, నూనెల డ్రమ్ములు టైర్లకు దగ్గరగా పెట్టకూడదు. కరెంటు మోటార్లు కూడా పక్కనే ఉండకూడదు... వాటి నిప్పురవ్వల నుంచి ఓజోన్ పుడుతుంది. మెరుపు కోసం డీజిల్‌తోనో, వాడిన ఇంజిన్ ఆయిల్‌తోనో టైరు తుడవడం ఇంకా చేటు. ఆ నల్లటి నిగనిగ రబ్బరును తినేస్తుంది.

కొనేముందు ఇవి చూడాలి

* పాత టైరు బటన్ కాదు, తయారీ తేదీ చూడాలి. పదేళ్లు దాటితే తీసేయాలి.
* కొత్తది ఏడాదిలోపు తయారైనదే అడగాలి.
* రిమ్ము వ్యాసం ఒక్కటే చాలదు. మొత్తం ఎత్తు, రిమ్ము వెడల్పు, మోసే బరువు కూడా సరిపోవాలి.
* నాలుగూ ఒకే రకం వేయించాలి. స్టెప్నీతో కలిపి ఐదు.
* ట్యూబులు కొత్తవి వేయించి, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాలి.
* వాడకంలో బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయాలి. నిబంధనా అదే.

పాతకారు మీద పెట్టే ఖర్చులో రంగు, సీట్లు, మెరిసే బంపర్లు ముందుంటాయి. టైర్ల దగ్గరికొచ్చేసరికి ‘బాగానే ఉన్నాయిగా’ అనిపిస్తుంది. కానీ ఇంటిల్లిపాదినీ మోసే కారు నేలను తాకేది నాలుగంటే నాలుగు చోట్ల. ఒక్కోటీ అరచేయంత! పరుగు, మలుపు, బ్రేకు... అన్నీ ఆ కాస్త రబ్బరు మీదే ఆధారం. కారుకు వయసు పెరిగేకొద్దీ విలువ పెరుగుతుంది. టైరుకు వయసు పెరిగితే పెరిగేది ప్రమాదమే.